లాంచీ

పూనా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కటే అడిగాడు:
చాసీ మీద అంకె ఉంది, ఇంజను మీద అంకె ఉంది,
నడుమ ఎవరెవరి చేతులు మారిందో కావాలి.
ఒక్క ఏడు ఖాళీ ఉన్నా ధర సగానికి పడిపోతుందట.

ముప్పై రెండేళ్లు ఆర్టీవో ఆఫీసులో
ఆర్సీ పుస్తకాల మీద ముద్ర గుద్దిన చెయ్యి నాది.
బండి తోలడం ఈనాటికీ రాదు.

మొదటి పేరు తేలిగ్గానే దొరికింది.
యాభై ఎనిమిదిలో మాంగనీసు ఎత్తుకోవడానికి
జెనోవా నుంచి వచ్చిన ఓడ
ఖాళీగా రావడం ఎందుకని దీన్ని దించింది.
దామిశెట్టి సోమలింగం, ఎగుమతి వ్యాపారి, పాతపోస్టాఫీసు వీధి.
కస్టమ్స్ రసీదులో చెదలు వదిలేసిన సంతకం.

డెబ్బై ఒకటి నుంచి ఎముకల డాక్టరు హేబెల్ ప్రకాశరావు,
మహారాణిపేట నుంచి కేజీహెచ్ దాకా
రోజూ రెండో గేరులోనే.
తర్వాత గాజువాక కంట్రాక్టరు.
అంబాసిడర్ ఇంజను బిగించి, అసలుదాన్ని గోనెలో చుట్టి
రేకుల షెడ్డు మూలకి తోశాడు, మరిచిపోయాడు.
హుద్‌హుద్ రేకులు లేపేస్తే గానీ
ఎర్రరంగు మళ్లీ ఎండ చూళ్లేదు.

మరి అరవై మూడు నుంచి డెబ్బై ఒకటి?
డాక్టరుగారి క్రయపత్రంలో
అమ్మినవారు అన్నచోట
ఒక వేలిముద్ర. అంతే.

సీటు తోలు విప్పితే తళతళా రాలాయి.
అభ్రకం, అన్నాడు పూనా మనిషి.
ఈ ఊళ్లో పుట్టినవాడికి
పండుగప్ప పొలుసు చెప్పాలా?

ఇటలీ వాళ్లు దాన్ని లాన్చా అంటారట.
మనవాళ్ల నోట అది లాంచీ.
ఆ ఒక్క మాట పట్టుకుని రేవు ఆఫీసుకి వెళ్లాను,
తడి గోడల గదిలో, పడవల రిజిష్టరు తెరిచాను:

*లాంచీ, ఒకటి. రంగు ఎరుపు.*
*పొడవు పద్నాలుగు అడుగులు. తెడ్లు లేవు.*
*యజమాని మైలపల్లి ఎర్రయ్య, జాలారిపేట.*
*రుసుము నాలుగు రూపాయలు.*

ఎనిమిదేళ్లు, ఏ ఏడూ తప్పకుండా కట్టాడు.
ముందు మా కౌంటరుకే వచ్చి ఉంటాడు.
లాంచీలకి ఇక్కడ కాదు, రేవుకి పో,
అని ఉంటాం తలెత్తకుండా.
ఆ గొంతు నాకు తెలుసు. నేనూ అలాగే అనేవాణ్ణి.

పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరసలో
ఎర్రయ్య కూతురు పోలమ్మ
నా మాట విని త్రాసు ఆపింది.
"ఆ లాంచీయా బావూ? ఇంకా మునిగిపోనేదా?"

మాంగనీసు ధర కూలిన ఏడు
ఓడల దాకా రాయి మోసిన పద్నాలుగు మందికి
సోమలింగం ఎనిమిది నెలల కూలి బాకీ.
డబ్బు లేదు, తాళం చేతిలో పెట్టాడు.
పేరు ఎర్రయ్యది. బండి అందరిదీ.
పద్నాలుగు అడుగులు, తలో అడుగు.

"ఎవలికీ తోలడం రాదు.
మొదట్లో తోసీవోరు, వల లాగినట్టు, పాట పడతా.
మరి నేర్చుకున్నారు. తెల్లారగట్ల
రొయ్యల గంపలేసుకుని టేసనుకి, కలకత్తా మెయిలుకి.
మా అయ్య హారను కొడితే పేటంతా లేచీది."

ఆ పేర్లన్నీ చెప్పింది, ఉప్పు అంటిన వేళ్ల కణుపుల మీద లెక్కెడుతూ.
పదకొండో పేరు దగ్గర ఆగింది.
కొనడానికొచ్చినామె కసిరింది. నిలబడే ఉన్నాను.
గుర్తొచ్చింది: గరికిన పెంటయ్య.

పూనా మనిషి ఫోనులో నచ్చజెప్పాడు:
"సొంత సేకరణ అని ఒక్క ముక్క రాయండి, చాలు."

రాశాను.
పద్నాలుగు పేర్లూ, ఇంటిపేర్లతో సహా.
గళ్లు చాలక వెనక పేజీలోకి పోయాయి.

ధర పెరిగిందో తగ్గిందో చెప్పలేదు.
నా ఫీజులో రెండు వేలు కోశాడు.
పొలుసులు మాత్రం కవరులో వేసి
ఫైలుకి పిన్ను కొట్టి
అలవాటు కొద్దీ పైన ముద్ర గుద్దాను.